200 డాలర్ల ఫ్లై రాడ్‌కీ 1000 డాలర్ల ఫ్లై రాడ్‌కీ తేడా ఎక్కడుంది?

ఫ్లై ఫిషింగ్ అనే ఒక రకం గాలపు వేటలో వాడే కర్రే ఫ్లై రాడ్. సేజ్ కంపెనీ 2022లో ఆర్8 కోర్ అనే ఫ్లై రాడ్‌ను తెచ్చినప్పుడు దాని ధర 1000 డాలర్లు దాటింది. 2024లో ఆర్విస్ కంపెనీ తెచ్చిన కొత్త హీలియోస్ రాడ్ ధరా అంతే. అదే షాపులో, అదే గోడకి, అదే 9 అడుగుల పొడవుతో, అదే 5 నంబరుతో 200 డాలర్ల చుట్టుపక్కల ఇంకో రాడ్ ఉంటుంది. రెండూ కార్బన్ గొట్టాలే. రెంటికీ కార్క్ పిడి, నాలుగు ముక్కలు, విరిగితే బాగుచేస్తామనే హామీ ఉంటాయి. పైగా 2025లో అమెరికా దిగుమతి సుంకాలు పెంచడంతో, ఎక్కువగా ఆసియాలో తయారయ్యే మధ్యస్థాయి రాడ్ల ధరల మీదా ఒత్తిడి పడింది. సియాటెల్‌లోనో డాలస్‌లోనో ఉంటూ, ఈ సరదా మొదలుపెడదామని షాపులోకి అడుగుపెట్టిన తెలుగువాళ్లకు ఈ గోడ ముందు నిలబడితే టెన్షన్ రావడం సహజం.

ఈ వ్యాసంలో మధ్యస్థ బడ్జెట్ అంటే ఒక్క రాడ్‌కే సుమారు 150 నుంచి 350 డాలర్లు అనుకుందాం. ఎకో, రెడింగ్టన్, టెంపుల్ ఫోర్క్, ఆర్విస్ క్లియర్‌వాటర్ లాంటి పేర్లు ఎక్కువగా వినపడేది ఈ ధరల్లోనే. నా అభిప్రాయం ముందే చెబుతాను: ఈ శ్రేణిలో రెండు బ్రాండ్ల మధ్య ఉండే తేడా చిన్నది. నంబరు తప్పుగా ఎంచుకున్నా, రాడ్‌కు నప్పని లైన్ (విసిరే దారం) ఎక్కించినా వచ్చే తేడా చాలా పెద్దది. ఎందుకో తెలియాలంటే ముందు ఈ రాడ్ చేసే పనేమిటో చూడాలి.

బరువంతా లైన్‌లోనే

మన చెరువుల దగ్గర గాలం వేసేటప్పుడు దారం చివర వానపామో పిండి ముద్దో, దాంతోపాటు చిన్న సీసం గుండో ఉంటుంది. విసిరితే ఆ బరువే ముందుకు దూసుకెళ్లి, వెనకున్న సన్నటి దారాన్ని తనతో లాక్కెళ్తుంది. ఫ్లై ఫిషింగ్‌లో ఇది తలకిందులు. ఇక్కడ ఎరగా వాడే ఫ్లై అంటే చిన్న కొక్కేనికి ఈకలు, బొచ్చు, దారం చుట్టి, నీటి మీద వాలే పురుగులాగో నీటి అడుగున పెరిగే దాని పిల్లలాగో కనిపించేట్టు చేసింది. దానికి బరువు దాదాపు ఉండదు. చేత్తో విసిరితే రెండు గజాలు కూడా పోదు.

అందుకని బరువును లైన్‌లోనే పెట్టారు. ఫ్లై లైన్ మామూలు గాలం దారంలా సన్నగా ఉండదు. లోపల ఒక దారం, దాని మీద మందపాటి ప్లాస్టిక్ పూత. ఈ లైన్ చివర సుమారు 9 అడుగుల పారదర్శకమైన నైలాన్ దారం కడతారు, దాన్ని లీడర్ అంటారు. లీడర్ కొసకు వచ్చేసరికి వెంట్రుకంత సన్నబడుతుంది, ఆ సన్నటి భాగం టిప్పెట్. ఫ్లైని కట్టేది దానికే. విసిరేవాళ్లు ముందు లైన్‌ను గాలిలో వెనక్కి పంపుతారు. అది వెనక పూర్తిగా చాపుకున్నాక రాడ్‌ను ముందుకు తెస్తే, లైన్ బరువుకు రాడ్ వంగుతుంది. చేయి ఆపగానే రాడ్ నిటారుగా లేస్తూ లైన్‌ను ముందుకు తోస్తుంది. ఫ్లై ఆ లైన్ వెంట వెళ్లి నీటి మీద వాలుతుంది.

కాబట్టి రాడ్ మీద ఉండే నంబరు, ఆ రాడ్ ఎంత బరువున్న లైన్‌ను విసరడానికి తయారైందో చెబుతుంది. చేప సైజుకూ దానికీ ఉన్నది పరోక్ష సంబంధమే: పెద్ద చేపలకు పెద్ద ఫ్లైలు కావాలి, పెద్ద ఫ్లైలను మోయాలంటే బరువైన లైన్ కావాలి.

ఈ నంబర్లకు ఒక ప్రమాణం ఉంది. 1960 ప్రాంతంలో అమెరికాలోని చేపల వేట సామగ్రి తయారీదారుల సంఘం దాన్ని కుదిర్చింది. లైన్ ముందు భాగంలో 30 అడుగులు కత్తిరించి తూచితే ఎన్ని గ్రెయిన్లు తూగుతుందన్నదే ఆ కొలత. గ్రెయిన్ అంటే గ్రాములో సుమారు పదిహేనో వంతు. 3 నంబరు లైన్‌కు 100 గ్రెయిన్లు, 4కు 120, 5కు 140, 6కు 160, 8కి 210. అంటే 5 నంబరు లైన్‌లో మొదటి 30 అడుగుల బరువు సుమారు 9 గ్రాములు. ఇంత చిన్న బరువు మీదే ఈ ఆటంతా నడుస్తుంది. కొన్ని గ్రెయిన్ల తేడా చేతికి తెలిసేది అందుకే.

రాడ్ మీది అంకెలు చదవడం

పిడి పైన చిన్న అక్షరాల్లో 590-4 అనో 905-4 అనో రాసి ఉంటుంది. ఏ కంపెనీ ఏ వరసలో రాస్తుందన్నదే తేడా, రెండింటి అర్థమూ ఒకటే: 5 నంబరు, 9 అడుగుల 0 అంగుళాలు, 4 ముక్కలు. 376-4 అని కనిపిస్తే 3 నంబరు, 7 అడుగుల 6 అంగుళాలు, 4 ముక్కలు.

ముక్కల సంఖ్య గురించి ఎక్కువ ఆలోచించనక్కర్లేదు. ఒకప్పుడు రెండు ముక్కల రాడ్ బాగా వంగుతుందని పట్టుబట్టేవాళ్లు. ఇప్పుడు కీళ్ల తయారీ మెరుగుపడింది, నాలుగు ముక్కలే మామూలైపోయింది. పొడవు, నంబరు మాత్రం చాలా ముఖ్యం, వాటిని తేల్చేది మీరు వెళ్లే నీళ్లు.

నాలుగు చోట్లు, నాలుగు రాడ్లు

సియాటెల్ నుంచి కొండలు దాటి తూర్పుకు వెళ్తే యాకిమా నది వస్తుంది. చల్లటి నీళ్లలో బతికే ట్రౌట్ చేపల్లో ఒక రకమైన రెయిన్‌బో ట్రౌట్‌కు పేరున్న చోటు. అక్కడ ట్రౌట్‌ను పట్టినా వదిలేయాలి, సహజమైన ఎర వాడకూడదు. ఎలెన్స్‌బర్గ్ దిగువన నది ఒక లోయలోంచి పోతుంది, వెడల్పుగా ఉంటుంది, గాలి గట్టిగా వీస్తుంది. ఇలాంటి చోట 9 అడుగుల 5 నంబరు రాడ్ సరిగ్గా సరిపోతుంది. గాలి బాగా ఉండే రోజులే ఎక్కువనుకుంటే 6 నంబరు. పొడవైన రాడ్ ఉంటే నీటి మీద పడిన లైన్‌ను ప్రవాహానికి తగ్గట్టు ఎత్తి జరపడం తేలిక. ఈ పని చేయకపోతే లైన్‌ను నీరు ఈడ్చుకెళ్లి, ఫ్లై అసహజంగా కదులుతుంది, ట్రౌట్ దాన్ని ముట్టుకోదు.

న్యూజెర్సీలో రారిటన్ నది దక్షిణ శాఖ మీద కెన్ లాక్‌వుడ్ గార్జ్ అనే ఇరుకు లోయ ఉంది. నీడనిచ్చే చెట్లు, బండరాళ్లు, మధ్యస్థంగా ఉండే వాగు. విసరాల్సిన దూరం తక్కువ, వెనక కొమ్మలు ఎక్కువ. ఇక్కడ 8 నుంచి 8.5 అడుగుల 4 నంబరు రాడ్ హాయిగా ఉంటుంది. ఇంకా చిన్న కొండవాగులైతే 7.5 అడుగుల 3 నంబరు. 9 అడుగుల 5 నంబరుతోనూ పని జరుగుతుంది, కానీ కొమ్మలకు చిక్కుకుంటూ ఉంటుంది.

టెక్సస్‌లో గ్వాడలూప్ నది మీద కేన్యన్ డ్యామ్ అడుగు నుంచి వదిలే చల్లటి నీళ్లలో ట్రౌట్ బతుకుతుంది. అమెరికాలో ట్రౌట్ దొరికే దక్షిణపు కొసల్లో అదొకటి. అక్కడికి 5 నంబరు చాలు. కానీ డాలస్ చుట్టుపక్కల సరస్సుల్లో లార్జ్‌మౌత్ బాస్ అనే పెద్ద నోటి చేప కోసమైతే సంగతి వేరు. బాస్‌కు వేసే ఫ్లైలు కప్పలంత పెద్దవి, గాలిని పట్టేస్తాయి. వాటిని 5 నంబరు లైన్ లాగలేదు. 7 లేదా 8 నంబరు కావాలి.

నాలుగోది హిమాచల్‌లోని తీర్థన్ లోయ. బ్రౌన్ ట్రౌట్ ఉన్న చల్లటి, వేగమైన, రాళ్ల మధ్య పారే నది. 8.5 లేదా 9 అడుగుల 4, 5 నంబర్లు అక్కడ సరిపోతాయి.

బాస్ సరస్సులు తప్ప మిగతా చోట్లన్నింట్లో ఏదోలా నెగ్గుకొచ్చేది 9 అడుగుల 5 నంబరు. షాపువాళ్లు మొదటి రాడ్‌గా దాన్నే చూపించేది ఇందుకే, అందులో దురుద్దేశం లేదు. కానీ మీరు వెళ్లబోయేది బాస్ ఉన్న సరస్సుకే అయితే అదే 5 నంబరు తప్పు కొనుగోలు అవుతుంది, దాని ధర ఎంతైనా సరే.

ఫాస్ట్, మీడియం: ప్రమాణం లేని మాటలు

రాడ్ ఎక్కడి వరకు వంగుతుందో చెప్పేది యాక్షన్. ఫాస్ట్ అంటే ఎక్కువగా కొస దగ్గరే వంగి వెంటనే లేస్తుంది. మీడియం అయితే సగం దాకా వంగుతుంది. స్లో అయితే వంపు పిడి దాకా దిగుతుంది.

ఫాస్ట్ రాడ్ లైన్‌కు వేగం ఎక్కువ ఇస్తుంది. గాలిలోకి దూరంగా విసరడానికి మంచిది. బదులుగా చేతి టైమింగ్ కచ్చితంగా ఉండాలి, దగ్గరి దూరాలకు కర్రలా అనిపిస్తుంది. మీడియం రాడ్ నెమ్మదిగా లేస్తుంది, లైన్ వెనక చాపుకున్న క్షణం చేతికి స్పష్టంగా తెలుస్తుంది. సన్నటి టిప్పెట్‌నూ కాపాడుతుంది. టిప్పెట్ మందాన్ని ఎక్స్ అక్షరంతో చెబుతారు: 11లోంచి ఆ అంకె తీసేస్తే అంగుళంలో వెయ్యో వంతుల్లో మందం వస్తుంది. 6ఎక్స్ అంటే వెయ్యింట 5 వంతుల అంగుళం. అంత సన్నటి దారం మీద ట్రౌట్ ఒక్కసారి గుంజితే, మెత్తగా వంగే రాడ్ ఆ కుదుపును తను తీసుకుంటుంది.

కొత్తవాళ్లకు ఏది మంచిదన్న దగ్గర శిక్షకులు రెండుగా చీలిపోతారు. మీడియం రాడ్ తప్పుల్ని క్షమిస్తుంది, లయ నేర్పుతుంది అని ఒక వర్గం. నాలుగు నెలలు గడిచాక, గాలి వీచే నదిలో అదే రాడ్ చేతకానిదిగా అనిపిస్తుంది, మొదటి నుంచీ మీడియం-ఫాస్ట్‌తో నేర్చుకోవడమే నయం అని ఇంకో వర్గం. రెండు మాటల్లోనూ నిజం ఉంది, ఎందుకంటే వాళ్ల మనసులో ఉన్న నీళ్లు వేరు. అడవి వాగు దగ్గర నేర్పేవాళ్లు మొదటి మాట చెబుతారు, వెడల్పాటి నది దగ్గర నేర్పేవాళ్లు రెండోది.

అసలు చిక్కు ఏమిటంటే, ఒక కంపెనీ మీడియం-ఫాస్ట్ అన్నది ఇంకో కంపెనీకి ఫాస్ట్ కావచ్చు. ఈ మాటలకు అందరూ ఒప్పుకున్న కొలత లేదు. విలియం హానెమన్ అనే అమెరికన్ 2000ల మొదట్లో కామన్ సెంట్స్ అనే పద్ధతిని ప్రతిపాదించారు. రాడ్ కొసకు చిన్న సంచి కట్టి, అందులో పెన్నీ నాణేలు వేస్తూ పోవాలి. రాడ్ పొడవులో మూడో వంతు మేర కొస కిందికి వంగడానికి ఎన్ని నాణేలు పట్టాయో లెక్కపెడితే దాని అసలు బలం తెలుస్తుంది. సొంతంగా రాడ్లు కట్టుకునేవాళ్లు దాన్ని ఆనందంగా పట్టుకున్నారు, పెద్ద కంపెనీలు మాత్రం డబ్బాల మీద ఆ అంకెలు వేయడం లేదు. వేసి ఉంటే కొనేవాళ్లకు చాలా మేలు జరిగేది.

5 అని రాసిన 6 నంబరు లైన్

నా దృష్టిలో మొత్తం విషయంలో ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే, దీని గురించి తక్కువగా మాట్లాడుకునేదీ ఇక్కడే.

కార్బన్ మెరుగుపడే కొద్దీ రాడ్లు గట్టిపడుతూ వచ్చాయి. షాపులో ఊపి చూస్తే గట్టి రాడ్ శక్తిమంతంగా తోస్తుంది, కాబట్టి అమ్ముడుపోతుంది. కానీ నది దగ్గర, దగ్గరి దూరంలో, 140 గ్రెయిన్ల ప్రామాణిక లైన్‌తో అది వంగనంటుంది. లైన్ కంపెనీలు దీనికి ఒక మార్గం కనిపెట్టాయి: డబ్బా మీద 5 అనే రాసి, లోపల బరువు పెంచడం. సైంటిఫిక్ యాంగ్లర్స్ వాళ్ల ఎంపీఎక్స్ లైన్ అర నంబరు ఎక్కువ బరువు. రియో కంపెనీ గ్రాండ్ లైన్ పూర్తిగా ఒక నంబరు ఎక్కువ. ఇది రహస్యమేమీ కాదు, కంపెనీలే చెబుతాయి. కానీ రాడ్ పక్కన అదే నంబరు లైన్ పెట్టుకుని డబ్బు కట్టేసేవాళ్లు ఆ వివరణ దాకా వెళ్లరు.

అంకెల్లో చూద్దాం. ప్రామాణిక 5 నంబరు లైన్‌లో 30 అడుగులు బయట ఉన్నప్పుడు రాడ్ మోసేది 140 గ్రెయిన్లు. చిన్న వాగులో 20 అడుగులే బయట ఉంటే, బరువు సమంగా పరుచుకుని ఉందనుకున్నా, 93 గ్రెయిన్లు. నిజానికి లైన్ ముందు భాగం సన్నగా ఉంటుంది కనుక ఇంకా తక్కువే. 140కి వంగేలా చేసిన గట్టి రాడ్ 93కి కదలదు. అప్పుడు ఒక నంబరు బరువైన లైన్ వేస్తే, అదే 20 అడుగుల్లో 107 గ్రెయిన్లు వస్తాయి. తేడా 14 గ్రెయిన్లు, ఒక గ్రాము కూడా లేదు, కానీ పాత బరువు మీద సుమారు 14 శాతం. చేతికి ఇది వెంటనే తెలుస్తుంది. బాగాలేదనుకున్న రాడ్ హఠాత్తుగా బాగుంటుంది.

ఇప్పుడు రెండో వైపు. మీ రాడ్ ముందే మీడియం యాక్షన్ అనుకోండి. దానికి అదే బరువైన లైన్ ఎక్కించి, వెడల్పాటి నదిలో 45 అడుగులు విసరబోతే, రాడ్ దాని సామర్థ్యానికి మించి వంగి కూలబడుతుంది. లైన్ నీటి మీద చప్పుడుతో పడుతుంది, నిలకడ నీటిలో ఉన్న ట్రౌట్ పారిపోతుంది. అందుకే ప్రామాణిక బరువే ఉండాలని వాదించేవాళ్లు అంత గట్టిగా వాదిస్తారు. బరువైన లైన్లు రావడంతో నంబరుకు అర్థమే పోయిందన్నది వాళ్ల బాధ, అది న్యాయమైన బాధే.

వ్యవహారంలో తేలేదేమిటంటే, మధ్యస్థ ధరలో దొరికే మీడియం-ఫాస్ట్ రాడ్లు చాలావరకు ప్రామాణిక లైన్‌తోనో, అర నంబరు బరువైన దానితోనో చక్కగా నడుస్తాయి. ఒక నంబరు బరువైన లైన్ అవసరమయ్యేది ఎక్కువగా బాగా గట్టిగా ఉండే ఫాస్ట్ రాడ్లకు. డబ్బా వెనకో కంపెనీ పట్టికలోనో మొదటి 30 అడుగుల గ్రెయిన్ బరువు రాసి ఉంటుంది. ముందువైపు పెద్దగా అచ్చువేసిన నంబరు కంటే ఆ చిన్న అంకె ఎక్కువ నిజం చెబుతుంది.

కార్బన్ ప్రచారంలో ఎంత సారం ఉంది

ఒకప్పుడు మంచి ఫ్లై రాడ్లను చైనా వెదురును చీల్చి అతికించి చేసేవాళ్లు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఫైబర్‌గ్లాస్ వచ్చింది. 1973లో ఫెన్‌విక్ కంపెనీ కార్బన్ రాడ్లను మార్కెట్‌లోకి తెచ్చింది. కార్బన్ నారను జిగురుతో కలిపి పలకలుగా చేస్తారు, ఆ పలకను కత్తిరించి ఉక్కు కడ్డీ చుట్టూ చుట్టి వేడిలో కాలుస్తారు, తర్వాత కడ్డీని లాగేస్తారు. మిగిలిన బోలు గొట్టమే బ్లాంక్.

ప్రకటనల్లో కనిపించే మాడ్యులస్ అంటే, సాగదీస్తే పదార్థం ఎంత మొండికేస్తుందో చెప్పే కొలత. అది ఎక్కువైతే తక్కువ పదార్థంతో అదే గట్టితనం వస్తుంది, రాడ్ తేలికవుతుంది. కానీ ఎక్కువ మాడ్యులస్ నార పెళుసు. రాడ్ల మీద రాసే ఐఎం6, ఐఎం8 లాంటివి నాణ్యతకు ర్యాంకుల్లా కనిపిస్తాయి. నిజానికి ఐఎం6 అన్నది హెర్క్యులీస్ కంపెనీ తన నారకు పెట్టుకున్న వాణిజ్య నామం. దాన్ని ఇవాళ ఎవరు ఏ అర్థంలో రాస్తున్నారో చెప్పే నియమం లేదు. రాడ్ వంపును తేల్చేది నారతోపాటు బ్లాంక్ ఎలా సన్నబడుతూ వెళ్లిందన్నది, జిగురు, పలకల అమరిక కూడా. 2010 ప్రాంతం నుంచి అతి సూక్ష్మమైన సిలికా రేణువులు కలిపిన జిగుర్లు రాడ్లలోకి వచ్చాయి, అవి బలాన్ని నిజంగానే పెంచాయి.

ఇలాంటి పదార్థాలు ఇప్పుడు దక్షిణ కొరియా, చైనా ఫ్యాక్టరీలకూ అందుతున్నాయి. 200 డాలర్ల రాడ్ ఇంత బాగుండటానికి కారణం ఇదే.

మిగతా 800 డాలర్లు ఎటు పోతాయి

కొంత వేతనాలకు. సేజ్ రాడ్లు సియాటెల్‌కు ఎదురుగా ఉన్న బెయిన్‌బ్రిడ్జ్ దీవిలో తయారవుతాయి, హీలియోస్ వెర్మాంట్‌లో, విన్‌స్టన్ మోంటానాలో, స్కాట్ కొలరాడోలో. డాలస్‌లో ఆఫీసు ఉన్న టెంపుల్ ఫోర్క్ తన రాడ్లను కొరియాలో చేయిస్తుంది. కొంత డిజైన్‌కు, ఎన్నో నమూనాలు చేసి పారేసిన ఖర్చుకు. కొంత కార్క్ నాణ్యతకు, రీల్ (లైన్‌ను చుట్టే చక్రం) బిగించే భాగానికి, లైన్ నడిచే రింగులకు.

కొంత హామీకి. ఆర్విస్ 25 ఏళ్లు, మరికొన్ని కంపెనీలు మొదటి యజమానికి జీవితాంతం అంటాయి. విరిగిన ముక్కను ఒక రుసుము తీసుకుని మారుస్తాయి. కారు తలుపులో పడి విరిగినా మార్చే కంపెనీలున్నాయి. ఈ ఔదార్యం ఖర్చు మొదటి ధరలోనే కలిసి ఉంటుంది, రాడ్ ఎప్పుడూ విరగ్గొట్టనివాళ్లు విరగ్గొట్టేవాళ్ల తరఫున కట్టినట్టే. ఇది మంచిదా కాదా అన్నది మీరు ఎంత జాగ్రత్తపరులన్న దాని మీద ఉంటుంది. మధ్యస్థాయి రాడ్లకూ ఇలాంటి హామీలే ఉన్నాయి కాబట్టి, దీని కోసమే ఖరీదైనది కొనక్కర్లేదు.

పన్ను వాటా మాత్రం చిన్నది. అమెరికాలో 1950 నాటి చట్టం ప్రకారం చేపల వేట సామగ్రి మీద 10 శాతం ఎక్సైజ్ పన్ను ఉంది, ఆ డబ్బు రాష్ట్రాల మత్స్య విభాగాలకు వెళ్తుంది. రాడ్ల మీద ఆ పన్ను 10 డాలర్లు మించకూడదన్న పరిమితి ఉంది. కాబట్టి 1000 డాలర్ల రాడ్‌కూ అది 10 డాలర్లే.

ఇవన్నీ పోగా మిగిలేది చేతికి తెలిసే తేడా. ఖరీదైన రాడ్ కొస భాగం తేలికగా ఉంటుంది, రోజంతా విసిరినా మణికట్టు అలసిపోదు. ఆపగానే వణుకు తొందరగా ఆగుతుంది, లైన్ తిన్నగా వెళ్తుంది. 50 అడుగుల అవతల పళ్లెమంత చోటులో ఫ్లైని వాల్చగలిగినవాళ్లకు ఇది విలువైన తేడా. 30 అడుగుల్లోనే తడబడే చేతికి ఆ తేడా అందదు.

ఒకేసారి మంచిది కొనాలా?

ఖరీదైనదే కొనమనేవాళ్ల వాదన బలహీనమైనదేమీ కాదు. ముందు 200 పెట్టి, రెండేళ్లకు 400 పెట్టి, ఐదేళ్లకు 900 పెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. మొదటే 900 పెడితే 600 మిగిలేది కదా అంటారు. మంచి బ్రాండ్ రాడ్‌కు పాత ధర కూడా బాగానే పలుకుతుంది.

ఈ లెక్కలో ఒక ఊహ దాగుంది: ఐదేళ్ల తర్వాత మీరు ఇదే నీళ్లలో, ఇదే నంబరుతో చేపలు పడుతుంటారని. వాస్తవంలో చాలామంది అభిరుచి మారుతుంది. ట్రౌట్‌తో మొదలుపెట్టి బాస్ వైపో, సముద్రం వైపో వెళ్తారు. మధ్యస్థాయి రాడ్ అప్పుడు రెండో రాడ్‌గా, స్నేహితులకు ఇచ్చేదిగా మిగులుతుంది.

మూడో దారి సెకండ్ హ్యాండ్. నాలుగైదేళ్ల కిందటి ఉన్నతశ్రేణి రాడ్, కొత్త మోడల్ రాగానే బాగా తక్కువకు దొరుకుతుంది. పేచీ హామీ దగ్గర వస్తుంది: చాలా కంపెనీల్లో అది మొదటి యజమానికే. కాబట్టి కీళ్ల దగ్గర పగుళ్లు ఉన్నాయా, బ్లాంక్ మీద దెబ్బ తగిలిన గుంట ఉందా అన్నది వేలితో తడిమి చూడాల్సి ఉంటుంది. బరువైన ఫ్లై ఎప్పుడో ఒకసారి బ్లాంక్‌కు తగిలితే, అది విరిగేది నెలల తర్వాత, ఒక మంచి చేప పడ్డప్పుడు.

400 డాలర్లతో రెండు లెక్కలు

మొత్తం చేతిలో 400 డాలర్లు ఉన్నాయనుకుందాం. మొదటి లెక్కలో రాడ్‌కు 300, మిగతా 100లో చవక రీల్, చవక లైన్, లీడర్లు. రెండో లెక్కలో రాడ్‌కు 200, లైన్‌కు 80, రీల్‌కు 80, లీడర్లు, టిప్పెట్, కొన్ని ఫ్లైలకు 40.

రాడ్ ఒక్కటే చేతిలో పట్టుకుని చూస్తే మొదటిది నచ్చుతుంది. కానీ చవక లైన్ ప్లాస్టిక్ పూత చుట్టచుట్టుగా రీల్ ఆకారాన్నే పట్టుకుని ఉంటుంది, రింగుల్లోంచి జారదు, దాని బరువు ఎలా పంచారో కూడా తెలియదు. 300 డాలర్ల రాడ్ అలాంటి లైన్‌తో 150 డాలర్ల రాడ్‌లా ప్రవర్తిస్తుంది. నేను రెండో లెక్క వైపే. అందులోనూ ఎక్కడైనా కోత పెట్టాలంటే రీల్ దగ్గర పెట్టొచ్చు, ఎందుకంటే 5 నంబరు ట్రౌట్ వేటలో రీల్ పని చాలావరకు లైన్‌ను చుట్టి ఉంచడమే. సముద్రంలో, సాల్మన్ నదుల్లో అయితే పారిపోయే చేపను ఆపే బ్రేక్ రీల్‌లోనే ఉంటుంది, అక్కడ ఈ సలహా పనిచేయదు.

రాడ్, రీల్, లైన్ కలిపి అమ్మే కిట్లు 200 డాలర్ల చుట్టుపక్కల దొరుకుతాయి. కొన్నింటిలో లైన్ బాగానే ఉంటుంది. అలా మిగిలిన 200లో ఒక పూట శిక్షణ వస్తుంది. ఫ్లై ఫిషర్స్ ఇంటర్నేషనల్ అనే సంస్థ విసరడం నేర్పేవాళ్లకు పరీక్ష పెట్టి ధ్రువపత్రం ఇస్తుంది, అలాంటివాళ్లు చాలా అమెరికన్ నగరాల్లో ఉన్నారు. మణికట్టు ఎక్కడ ఆపాలో ఒకరు పక్కన నిలబడి చూపిస్తే వచ్చే మెరుగు, రాడ్ మీద పెట్టిన అదనపు 200 వల్ల వచ్చే మెరుగు కంటే ఎక్కువ.

ఇండియాకు తెచ్చుకోవాలనుకుంటే

9 అడుగుల నాలుగు ముక్కల రాడ్ గొట్టంలో పెడితే సుమారు 31 అంగుళాలు, ప్రయాణానికి అనువుగా ఉంటుంది. ట్రౌట్ ఉన్నది చల్లటి నీళ్లలోనే: కాశ్మీర్, హిమాచల్, ఉత్తరాఖండ్, దక్షిణాన నీలగిరులు, మున్నార్ కొండల లాంటి చోట్ల. అమెరికాలో కొన్న 5 నంబరు రాడ్ ఈ చోట్లన్నింటికీ పనికొస్తుంది. ముందుగా అక్కడి పర్మిట్ తీసుకోవాలి. హిమాలయ నదుల్లో బంగారు మాసీర్ అనే పెద్ద చేప కోసమైతే 8 నుంచి 10 నంబర్ల మధ్య వేరే రాడ్ కావాలి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ చెరువుల్లో ట్రౌట్ బతకదు. ఇక్కడ ఫ్లై వెంట పడే చేప కొర్రమీను. అది తూడు, తామర ఆకుల మధ్య దాక్కుని దూకుతుంది, పట్టుకోగానే మళ్లీ వాటి మధ్యకే దూరుతుంది. దాన్ని అక్కడి నుంచి బయటికి ఈడ్చాలంటే 8 నంబరు రాడ్, మందపాటి టిప్పెట్ ఉండాలి. ట్రౌట్ కోసం కొన్న 5 నంబరుతో ఆ పని చేయబోతే, రాడ్‌ను నిటారుగా ఎత్తి గుంజే సరికి బలమంతా సన్నటి కొస మీద పడి అక్కడే విరుగుతుంది.